పాత లారీ గేర్‌బాక్స్: విప్పి బాగు చేయించాలా, వేరేది ఎక్కించాలా?

టాటా లారీ ముందు 1613 అని రాసి ఉంటే దాని లెక్క ఓనర్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముందున్న 16 సరుకుతో కలిపి బండి మొత్తం బరువు టన్నుల్లో. వెనకున్న 13 అంటే ఇంజిన్ బలం 130 గుర్రాలు. 1210, 2515 కూడా అదే పద్ధతి. ఆ అంకె కంపెనీ గీసిన హద్దు. ఇరవై ఏళ్లుగా ఇసుక, కంకర, ఇటుక, ధాన్యం మోసిన బండి ఆ హద్దును ఎంత దాటిందో తెలియాలంటే గేర్‌బాక్స్ మూత తీసి చూడాలి.

ఇలాంటి బళ్లు మన రోడ్ల మీద ఇంకా చాలానే ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త లారీలో సెన్సర్లు, యూరియా ట్యాంకు, కంప్యూటర్ పెట్టి చూస్తే తప్ప అర్థంకాని లోపాలు చేరాయి. ధర కూడా పెరిగింది. మెకానికల్ పంపుతో నడిచే పాత ఇంజిన్‌ను ఏ ఊళ్లోనైనా బాగు చేయగలరు. అందుకే చిన్న ఓనరు పాత బండిని వదలడు. ఇంజిన్ ఒకటికి రెండుసార్లు బోరింగ్ చేయించుకుని నడుస్తూనే ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు గేర్‌బాక్స్ మొండికేస్తుంది. అప్పుడు షెడ్డులో అందరూ అడిగేది ఒకటే: విప్పి బాగు చేయిద్దామా, వేరే బాక్సు ఎక్కిద్దామా?

దీనికి చాలామంది ధర చూసి జవాబు చెబుతారు. బాగుచేతకు ఇంత, కటింగ్ షాపులో దొరికే పాత అసెంబ్లీకి ఇంత, కొత్తదానికి ఇంత. ఆ పోలికకు ముందే తేలాల్సినవి రెండున్నాయి. బాక్సు ఎందుకు పాడైంది? కేసింగ్, లేషాఫ్ట్ ఏ స్థితిలో ఉన్నాయి? ఇవి తేలకుండా వేసిన లెక్క ఎంత చవగ్గా కనబడినా నమ్మదగింది కాదు.

కాస్త వెనక్కి వెళ్తే, మన లారీ గేర్‌బాక్సుల వంశం చిన్నదే. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. ఆ కాలపు బాక్సుల్లో గేరు దించాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి, మధ్యలో రేజ్ ఇవ్వాలి. చప్పుడు లేకుండా గేరు దించగలిగినవాణ్ణే అప్పట్లో డ్రైవరన్నారు. తర్వాత సింక్రోమెష్ వచ్చింది. 1613లో చూసే జీబీఎస్-40 అలాంటిదే: ముందుకు ఐదు గేర్లు, వెనక్కి ఒకటి. అశోక్ లేలాండ్ బళ్లలో జర్మన్ జెడ్ఎఫ్ కంపెనీ డిజైన్ బాక్సులు వచ్చాయి. పేర్లు వేరైనా లోపలి అమరిక ఒకటే. క్లచ్ నుంచి ఇన్‌పుట్ షాఫ్ట్, దాని కింద ఎప్పుడూ తిరిగే లేషాఫ్ట్, పైన మెయిన్ షాఫ్ట్, దాని మీద వదులుగా తిరిగే గేర్లు, వాటిని షాఫ్ట్‌కు కలిపే స్లీవులు, వేగాలు సరిపోయేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు.

ఈ అమరిక తెలిసినవాడికి బాక్సు విప్పకుండానే సగం సంగతి చెవికి అందుతుంది. బండి ఆపి ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో పెట్టండి. కాలు క్లచ్ మీద లేనప్పుడు గుర్రుమని, తొక్కగానే ఆగిపోయే చప్పుడైతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు గానీ లేషాఫ్ట్ బేరింగులు గానీ అరిగాయి. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగునో, ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగునో చూడాలి. అది గేర్‌బాక్స్ లోపల జబ్బు కాదు. నడుస్తున్న బండిలో అన్ని గేర్లలోనూ మోత ఉండి డైరెక్ట్ గేరులో మాత్రం తగ్గితే లేషాఫ్ట్ వైపు వేలు చూపించవచ్చు. డైరెక్ట్ గేరులో ఇంజిన్ బలం ఇన్‌పుట్ నుంచి నేరుగా మెయిన్ షాఫ్ట్‌కు పోతుంది, లేషాఫ్ట్ తిరుగుతుందే గానీ బరువు మోయదు. ఒక్క గేరులోనే మోత ఉంటే ఆ గేరు జతే పోయింది. క్లచ్ తొక్కి ఉంచి బండిని దొర్లనిచ్చినా మోత ఆగలేదంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, సెంటర్ బేరింగు చూడాలి. క్రాస్ మారిస్తే పోయే చప్పుడుకు గేర్‌బాక్స్ దించి, డబ్బు వదిలించుకున్నవాళ్లు ఏ ఆటోనగర్లోనైనా కనిపిస్తారు.

గేర్లు గట్టిగా పడుతున్నాయన్న ఫిర్యాదులో క్లచ్ పాపం పెద్దది. రివర్స్‌కు సాధారణంగా సింక్రో ఉండదు కాబట్టి అదే మంచి పరీక్ష. ఇంజిన్ స్లోలో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కరకరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు, లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతోంది. కారణం మాస్టర్ సిలిండర్ వాషరు కావచ్చు, వంగిన ఫోర్కు కావచ్చు, క్లచ్ ప్లేటు స్ప్లైన్ల మీద జారకపోవడం కావచ్చు. ఇది సరిచేయకుండా ఎంత మంచి బాక్సు ఎక్కించినా దాని సింక్రో రింగుల్ని కొద్ది నెలల్లో తినేస్తుంది.

గేరు ఊడిపోవడం ఇంకో రకం. ఎత్తు ఎక్కుతుంటే లివర్ దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. స్లీవు, గేరు కలిసేచోట ఉండే డాగ్ పళ్లు గుండ్రంగా అరిగినా, ఫోర్కు పలచబడినా, రాడ్డును పట్టి ఉంచే బాల్ కింద స్ప్రింగు నీరసించినా ఇదే జరుగుతుంది. ఇవన్నీ బాక్సు లోపలివి. బయటివీ ఉన్నాయి: చాలా బళ్లలో గేర్ లివర్ నుంచి బాక్సు దాకా లింకేజీ ఉంటుంది. దాని బుష్షులు అరిగితే లివర్ పూర్తి దూరం కదలదు, గేరు సగమే పడుతుంది. బాక్సు మౌంటింగ్ రబ్బర్లు చితికినా అంతే. బుష్షుల సెట్టుకయ్యే ఖర్చు చాలా తక్కువ. ముందు అవి మార్చి చూసే ఓపిక ఓనరుకు ఉండాలి. మేస్త్రికి ఉంటే ఇంకా మంచిది.

ఇక నూనె దించి చూడటం. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి నల్లటి మెత్తని ముద్ద అంటుకుంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. నూనెలో పసుపు మెరుపు ఉంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. గోటికి తగిలే ఉక్కు రవ్వలు, పంటి ముక్క వస్తే ఆ బండిని ఇంకో ట్రిప్పు కూడా పంపకూడదు. విరిగిన ముక్క రెండు గేర్ల మధ్య పడితే కేసింగే పగులుతుంది. అప్పటిదాకా బాగుచేతకు వీలున్న బాక్సు అక్కడితో తూకానికి పోతుంది.

విప్పాక చూడాల్సిన మొదటిది గేర్లు కాదు, కేసింగ్. బేరింగు బయటి రేసు కేసింగ్ బోరులో బిగుతుగా కూర్చోవాలి. బేరింగు పాడైనా బండి నడిపించి ఉంటే ఆ రేసు బోరులో తిరిగిపోయి దాన్ని పెద్దది చేస్తుంది. లేతు షాపులో బుష్షు వేసి బోరు చేయిస్తే సరిపోతుందంటారు. ముందు, వెనక బోరులు రెండూ ఒకే గీతలో ఉండేలా మిషను మీద ఒకే అమరికలో కోసినప్పుడే అది పనికొస్తుంది. కంటి అంచనాతో వేసిన బుష్షు షాఫ్టును వెంట్రుకవాసి పక్కకు నెట్టినా గేరు పళ్లు అంచున మాత్రమే ఆనుతాయి. మోత, గేరు ఊడటం మళ్లీ మొదలు. నన్నడిగితే బోరు పోయిన కేసింగును బాగుచేతకు ఎంచుకోవద్దంటాను.

రెండోది లేషాఫ్ట్. చాలా బాక్సుల్లో దాని గేర్లు ప్రెస్‌తో గట్టిగా ఎక్కించి ఉంటాయి. హైడ్రాలిక్ ప్రెస్ లేనిచోట సుత్తితో దించి ఎక్కిస్తే షాఫ్టు వంగడమో, గేరు వదులవడమో ఖాయం. మూడోది గేర్ల జతలు. ఒకదానితో ఒకటి కలిసి అరిగిన గేర్లలో ఒకటి మాత్రమే కొత్తది వేస్తే కొత్త పన్ను పాత పంటి గుంతలో సరిగా కూర్చోదు. మార్చితే జతగానే మార్చాలి. ఖర్చు తగ్గుతుందని ఒక్క గేరే వేయించుకుంటే తిరిగొచ్చేది మోతే.

విరిగిన పంటికి వెల్డింగు పెట్టి, రాతితో తీర్చి ఎక్కించే పని ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. గేరు పంటి పైపొర మిల్లీమీటరు మందంలో గట్టిపరిచిన ఉక్కు, లోపల కాస్త మెత్తగా ఉండి దెబ్బ తట్టుకుంటుంది. వెల్డింగు వేడికి ఈ రెండు గుణాలూ పోతాయి. ఆ పన్ను చూడ్డానికి నిండుగా ఉంటుంది, లోడుతో మొదటి ఎత్తులోనే రాలుతుంది. రాలిన ముక్క మంచి గేర్లనూ తినేస్తుంది. ఆయిల్ సీల్ ఆనేచోట గీత పడిన షాఫ్టుకు మెటల్ నింపి గ్రైండింగ్ చేయించడం మాత్రం తప్పు కాదు. అక్కడ బరువు పడదు.

విప్పాక చూసిన మూడింట్లో కేసింగ్, లేషాఫ్ట్ బాగుంటే నా ఓటు బాగుచేతకే, కానీ సగం బాగుచేతకు కాదు. దించిన బాక్సులో బేరింగులన్నీ, సింక్రో రింగులన్నీ, సీళ్లన్నీ ఒకేసారి మార్చాలి. పోయిన బేరింగొక్కటే మార్చి మూసేస్తే మిగిలినవి ఒకదాని తర్వాత ఒకటి పోతాయి, ప్రతిసారీ దించి ఎక్కించే కూలీ, బండి ఆగిన రోజుల కిరాయి కొత్తగా పడతాయి. బేరింగుల దగ్గర నకిలీ మాల్ గొడవ పెద్దది. ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, టిమ్‌కెన్ పేర్లతో ఉన్న డబ్బాలన్నీ ఆ కంపెనీల్లోంచి వచ్చినవి కావు. బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. బిల్లు లేకుండా కొనడానికి చెప్పే సాకు కూడా ఆ మేరకు బలహీనపడింది.

ఈ పని మన దగ్గర ఎలా జరుగుతుందో చెప్పాలంటే విజయవాడ జవహర్ ఆటోనగర్ దగ్గర ఆగాలి. (2014లో సినిమా పేరుకెక్కింది గానీ, సినిమా లేకపోయినా దాని పేరు తెలియని లారీ డ్రైవరు తక్కువ.) అక్కడ ఒక్క షెడ్డులో బండి మొత్తం బాగుపడదు. గేర్‌బాక్స్ మేస్త్రి వేరు, క్రౌన్ పని వేరు, పంపు వేరు, కమాన్ కట్టలు వేరు, లేతు, వెల్డింగు వేరు. బాక్సు ఒకచోట దిగుతుంది, షాఫ్టు ఇంకోచోట ప్రెస్‌కు పోతుంది, కేసింగ్ మూడోచోట బోరింగుకు. ఎవరి పనిలో వాళ్లకు చెయ్యి తిరిగి ఉండటం దీని బలం. తప్పు ఎవరిదో తేలకపోవడం బలహీనత. మళ్లీ చప్పుడొస్తే లేతు వాడు బేరింగు మీదకు, బేరింగు అమ్మినవాడు మేస్త్రి మీదకు, మేస్త్రి డ్రైవరు మీదకు తోస్తారు. పని మొత్తానికి ఒక్కరే జవాబుదారీ అని ముందే మాట్లాడుకున్న ఓనరుకు ఈ తిప్పలు కొంత తగ్గుతాయి.

కటింగ్ బండి నుంచి తీసిన బాక్సు సంగతికి వద్దాం. ప్రమాదంలో పోయినవో, తూకానికి అమ్మినవో బళ్లను కోసి ముక్కలుగా అమ్మే షాపుల్లో అసెంబ్లీ దొరుకుతుంది. ఒక్కరోజులో ఎక్కుతుంది, డబ్బు తక్కువ, బండి మళ్లీ కిరాయికి పోతుంది. కిస్తీ కట్టాల్సిన తేదీ దగ్గరపడ్డవాడికి అంతకంటే ఏం కావాలి? అయితే ఆ బాక్సు చరిత్ర ఎవరికీ తెలియదు. ముందు నుంచి గుద్దుకున్న బండిలోది మంచిదే కావచ్చు, దాని ఇన్‌పుట్ షాఫ్ట్ వంగిపోయి ఉండనూ వచ్చు. వరదలో మునిగిన బండిదైతే బేరింగుల్లో తుప్పు ఉంటుంది. పైన కొత్తగా రంగు కొట్టి ఉన్నదాన్ని నేనైతే ముందు అనుమానిస్తాను. కొనేముందు పై మూత తీయించాలి, ఇన్‌పుట్‌ను చేత్తో తిప్పుతూ ప్రతి పన్నూ చూడాలి, షాఫ్టుల్ని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి, నూనె మాడు వాసన వస్తోందేమో చూడాలి. మూత తీయనివ్వని షాపులో కొనకూడదు. ఇంత చూశాక కూడా ఇది జూదమే. చిన్న జూదం అవుతుందంతే.

పాత బాక్సు ఇచ్చి, కంపెనీ తరఫున బాగుచేసిన బాక్సు తీసుకునే దారి ఇంకొకటి. టాటా మోటార్స్ ‘ప్రోలైఫ్’ పేరుతో ఇంజిన్లు, గేర్‌బాక్సులు ఇలా ఇస్తుంది. ధర కటింగ్ బాక్సుకంటే ఎక్కువ, కొత్తదానికంటే తక్కువ, పైగా వారంటీ ఉంటుంది. కేసింగ్ పోయిన బాక్సుకు నాకు కనబడే సరైన దారి ఇదే, ఆ మోడల్ దొరికితే. కేసింగ్ మరీ పగిలితే పాతదానికి కట్టే విలువ తగ్గుతుంది గనుక ఆ మాట ముందే అడిగి తేల్చుకోవాలి. పూర్తిగా కొత్త అసెంబ్లీ పాత బండికి అరుదుగానే గిట్టుతుంది.

కొందరికి ఐదు గేర్ల బాక్సు తీసి ఆరు గేర్లది పెట్టాలన్న కోరిక ఉంటుంది. బెల్ హౌసింగ్, క్లచ్ స్ప్లైన్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, స్పీడోమీటర్ పళ్లు, వెనక క్రౌన్ నిష్పత్తి, ఇన్ని కలవాలి. కలిసినా డీజిల్ మిగులు మార్పిడి ఖర్చును తీర్చేసరికి బండికి ముసలితనం వస్తుంది. ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉంటాయి గానీ గేర్‌బాక్స్ నంబరు ఉండదు. అదే రకం బాక్సు మార్చడం రవాణా ఆఫీసు దాకా వెళ్లే సంగతి కాకపోవడానికి కారణం అదే.

అమెరికాలో ఇదే ప్రశ్నకు జవాబు ఇంకోలా వస్తుంది. అక్కడ 1990ల డాడ్జ్ పికప్పులు, కమిన్స్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చినవి, ఇప్పటికీ ఇష్టంగా నడుపుతారు. వాటిలోని ఎన్‌వీ4500 బాక్సులో ఐదో గేరును పట్టి ఉంచే నట్టు వదులై ఆ గేరే పోవడం పేరుమోసిన జబ్బు. డీజిల్ ఇంజిన్ ప్రతి మంటకూ షాఫ్టును కొట్టే కుదుపే దానికి మూలం. జబ్బు తెలుసు, మందు తెలుసు కాబట్టి అక్కడ బాగుచేతే మొగ్గు. తర్వాత వచ్చిన ఆరు గేర్ల ఎన్‌వీ5600 తయారీ 2005 ప్రాంతంలో ఆగిపోయింది. విడిభాగాలు కరువై, కొందరు దాన్ని తీసి వేరే బాక్సే పెట్టుకుంటున్నారు. మన 1613 ఓనరు ఈ విషయంలో అదృష్టవంతుడు. భాగాలు దొరకక బాక్సు మార్చాల్సిన గతి అతనికి ఇంకా రాలేదు.

బాక్సును చంపేవి ఏవి? ఓవర్‌లోడు సంగతి ఎవరికీ తెలియంది కాదు. తక్కువమంది పట్టించుకునేది లాక్కెళ్లడం. ఆగిపోయిన లారీని ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పకుండా కట్టి లాగితే చక్రాలు మెయిన్ షాఫ్టును తిప్పుతాయి. ఇంజిన్ ఆగి ఉంది గనుక లేషాఫ్ట్ తిరగదు, నూనెను పైకి చిమ్మేది అదే. మెయిన్ షాఫ్ట్ బేరింగులు ఎండుగా తిరిగి కాలిపోతాయి. ఇంజిన్ కోసం షెడ్డుకు లాక్కొచ్చిన బండికి గేర్‌బాక్స్ పని కూడా తగిలేది ఇలాగే. దిగుడులో ఇంజిన్ ఆపి న్యూట్రల్ కొట్టి దొర్లించే డ్రైవరు కూడా బాక్సుకు ఇదే గతి పట్టిస్తాడు. బ్రేకుల సంగతి ఇక చెప్పేదేముంది.

నూనె దగ్గర ఇంకో చిక్కుంది. క్రౌన్‌కు పోసే జీఎల్-5 నూనెనే గేర్‌బాక్సులోనూ పోసేస్తారు. దాన్లో గంధకం, భాస్వరం కలిసిన మందు పాళ్లు ఎక్కువ. క్రౌన్ పళ్లకు అది కావాలి, ఇత్తడి సింక్రో రింగులకు మాత్రం కొన్ని జీఎల్-5 నూనెలు పడవు. కంపెనీ పుస్తకం జీఎల్-4 అని చెబితే 80డబ్ల్యూ-90 జీఎల్-4 వేరే డబ్బాగా కొనాల్సిందే. పక్కనున్న ప్లగ్ తీసి రంధ్రం కింది అంచు దాకా పోయాలి, ఎక్కువ పోస్తే నురగ కట్టి సీళ్లలోంచి క్లచ్ మీదకొస్తుంది. ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటే పైనున్న గాలి రంధ్రం మట్టితో మూసుకుందేమో చూడాలి. లోపల వేడికి పెరిగిన ఒత్తిడి దారిలేక సీలునే తోస్తుంది.

చివరికి బండి ఆయుష్షు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటినవాటికి ఆ రుసుము 2022లో బాగా పెరిగింది, 2025 నవంబరులో వయసును బట్టి మళ్లీ పెరిగింది. 2021 నాటి నిబంధనలతో వచ్చిన గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రంలో బండిని అప్పగిస్తే ఇచ్చే పత్రంతో కొత్త రవాణా వాహనం పన్నులో 15 శాతం దాకా రాయితీకి వీలుంది. గేర్‌బాక్స్ ఖర్చును రాబోయే రెండేళ్ల ఫిట్‌నెస్, టైర్లు, బీమాతో కలిపి రాసుకోవాలి. ఆ మొత్తాన్ని బండి తెచ్చే కిరాయి దాటకపోతే ఏ బాక్సు ఎక్కించాలన్న ప్రశ్న లేదు, బండినే వదులుకోవాలి.

బాగు చేయించాక అమ్మేస్తే ఆ ఖర్చు ధరలో వస్తుందని కొందరు లెక్కేస్తారు. పాత లారీ కొనడానికి వచ్చే బ్రోకరు టైర్లు తిప్పి చూస్తాడు, కేబిన్ కింద తుప్పు చూస్తాడు, కాగితాలు అడుగుతాడు, ఛాసిస్ మీద వెల్డింగు గీతలు వెతుకుతాడు. గేర్లు చప్పుడు లేకుండా పడితే అది ఉండాల్సిందేగా అంటాడు, బేరింగుల బిల్లులు చూపించినా పైసా పెంచడు. ఆ బిల్లుల విలువ బండిని తానే ఇంకో నాలుగేళ్లు తిప్పే ఓనరుకే దక్కుతుంది.